ఫ్రిజ్ వెనక రగ్బీ అకౌంటెంటు

నేను రగ్బీ ఆటను మైదానంలో ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఆ ఆట ఆడే క్లబ్బులకు టీవీవాళ్లు డబ్బు ఎందుకిస్తారు, ఇచ్చినందుకు ఏమేం రాయించుకుంటారు అని ఎవరైనా అడిగితే గంటసేపు ఆపకుండా చెప్పగలను. మా చుట్టాల్లో ఎవరూ ఇంతవరకు అడగలేదు. కువైట్‌లో ఒక ఇరాకీ ఆఫీసరు మాత్రం అడిగాడు. అదీ నా ఇంట్లో, నా సోఫాలో కూర్చుని.

అప్పట్లో మేం ఫింటాస్‌లో ఉండేవాళ్లం. మావారు నీళ్ల ప్లాంటులో ఇంజనీరు. నేను ఒక చిన్న ఆఫీసులో టైపిస్టుని. బయటి దేశాల ఆటల టేపులు కొని, కువైట్‌లో ఉన్న ఆయిల్ కంపెనీల క్లబ్బులకూ హోటళ్లకూ అమ్మడం ఆ ఆఫీసు పని. ఏ దేశంలో చూపించాలి, ఎన్నిసార్లు చూపించాలి, చూపించాక టేపు చెరిపేశామని సర్టిఫికెట్ ఎప్పుడు పంపాలి, అన్నీ కాంట్రాక్టులో ఉండేవి. అవన్నీ టైపు చేసేది నేనే. ఆట ఎలా ఆడతారో తెలియకముందే ఆట అమ్మకం ఎలా జరుగుతుందో నాకు తెలిసిపోయింది.

మా బాస్ ఇంగ్లండు ఉత్తరాన ఏదో బొగ్గుగనుల ఊరివాడు. యాభై ఏళ్లుంటాయి. పెళ్లాం ఎప్పుడో విడిపోయింది. గల్ఫ్‌కు రాకముందు తన ఊళ్లోని రగ్బీ క్లబ్బులో అకౌంటెంటు. మా బిల్డింగ్‌లోనే పై అంతస్తులో ఒంటరిగా ఉండేవాడు. మెట్ల మీద ఎదురైతే తల ఊపడం, ఆఫీసులో కామాలు దిద్దడం. ఇంతకుమించి మా మధ్య మాటల్లేవు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. అప్పటికి మా ఆరేళ్ల అమ్మాయి వేసవి సెలవులని మా ఆడపడుచుతో విజయవాడ వెళ్లి ఉంది. మేమూ వెనకాలే వెళ్లాల్సినవాళ్లం. ఫోన్లు తెగిపోయాయి. మా పాస్‌పోర్టులు మా కఫీళ్ల దగ్గర, అంటే మా వీసాలకు పూచీ ఉన్న కువైటీ యజమానుల దగ్గర, వాళ్లు లండన్‌లో. పిల్ల అక్కడ, మేం ఇక్కడ. మొదటి వారమంతా నేను వంటింట్లో నిలబడి అన్నం వండడం, వండిన అన్నాన్ని చూసి ఏడవడం, ఇంతే.

రెండో వారంలో తెల్లవాళ్లందరూ హోటళ్లకొచ్చి లొంగిపోవాలని రేడియోలో చెప్పారు. వాళ్లను పట్టుకెళ్లి ఫ్యాక్టరీల్లో, డ్యాముల దగ్గర, వాటి మీద బాంబులు పడకుండా, కాపలా బొమ్మల్లా పెడుతున్నారని, వాళ్లను దాచినవాళ్లకు ఉరి అని కూడా చెప్పారు. ఆ సాయంత్రమే మా బాస్ చేతిలో ఒక చిన్న సంచీతో మా తలుపు తట్టాడు.

“ఒక్క రాత్రి” అన్నాడు.

ఆ ఒక్క రాత్రి ఏడు వారాలు సాగింది.

మా వంటింటి వెనక పనిమనిషి కోసం కట్టిన చిన్న గది ఉండేది. మాకు పనిమనిషి లేదు కాబట్టి అందులో బియ్యం బస్తాలు, ఖాళీ సూట్‌కేసులు పెట్టుకునేవాళ్లం. ఆయన్ను అందులో పెట్టి, తలుపుకు అడ్డంగా ఫ్రిజ్ నిలబెట్టాం. ఫ్రిజ్ కాళ్ల కింద గోనెపట్టా వేస్తే నేనొక్కదాన్నే లాగగలిగేదాన్ని. బెల్ మోగితే ఆయన లోపలికి, నేను ఫ్రిజ్ లాగడానికి. ఎదురింటి మలయాళీ నర్సు ఉల్లిపాయ కోసం వచ్చినా అంతే. ఆమె వెళ్లేదాకా ఆయన ఆ చీకట్లో బస్తాల మీద కిక్కురుమనకుండా కూర్చునేవాడు.

మాకు రొట్టె, కబుర్లు తెచ్చేది మా ఆఫీసు డ్రైవరు. రాయచోటివాడు. ఉండేది మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో. ఎయిర్‌పోర్టు నుంచి టేపులు తెచ్చిన వ్యాన్‌లోనే ఇప్పుడు ఖుబ్జ్ రొట్టెలు తెచ్చేవాడు. విషయం తెలిసినవాడు అతనొక్కడే. “అక్కా, సెకింగు మూడు సోట్ల పెట్టినారు. ఇండియా అంటే పొమ్మంటాండారు. తెల్లోడు కనపడితే మాత్రం యాడోళ్లను ఆడనే నిలబెడతాండారు” అని చెప్పి, ఫ్రిజ్ వైపు చూసి, “మన సారు బాగుండాడు గదా?” అని అడిగేవాడు.

సారు బాగానే ఉన్నాడు. బాగాలేనిది నేను. పగలంతా ముగ్గురం గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ, టాయిలెట్ ఫ్లష్ వరసగా మూడుసార్లు మోగితే కింద అనుమానం వస్తుందని లెక్కపెట్టుకుంటూ బతకడం నావల్ల కాలేదు. ఆయన చాలా మర్యాదస్థుడు. తిన్న కంచం కడిగేవాడు. పప్పులో కారం ఎక్కువైనా కళ్లనీళ్లు తుడుచుకుంటూ తినేవాడు. అయినా నాకు ఆయన మీద కోపం వచ్చేది. మర్యాదగా ఉన్నందుకు ఇంకా ఎక్కువ వచ్చేది.

కాలక్షేపానికని ఒకసారి డ్రైవరు ఆఫీసు నుంచి డజను టేపులు మోసుకొచ్చాడు. వాటిని చూడగానే మా బాస్ ముఖం మారిపోయింది. “ఇవి చెరిపేశామని నేను సంతకం పెట్టి పంపాను కదా!” అన్నాడు. బయట మెషిన్‌గన్లు పెట్టుకుని కూర్చున్నారు, ఈయనకు సర్టిఫికెట్ బెంగ. ఒక్కో టేపుకు గంటలు పడుతుందని విసుగేసి ఆ చెరిపే పని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. అది మాత్రం చెప్పలేదు.

ఆ టేపులు చూస్తూనే ఆయన నాకు ఆ కథంతా చెప్పాడు. మొదట ఆట చెప్పాడు. జట్టుకు పదమూడుమంది, కోడిగుడ్డులాంటి బంతి, పట్టుకుని పరిగెత్తడం, అవతలివాళ్లు మీదపడి ఆపడం. ఆరుసార్లు ఆగిపోతే బంతి అవతలివాళ్లకు. కబడ్డీ ఆడేవాళ్ల చేతికి బంతి ఇచ్చినట్టుందని నాకనిపించింది. ఆ తర్వాత డబ్బు సంగతి. వాళ్ల క్లబ్బు ఎప్పుడూ టికెట్ల మీదే బతికింది. ఆదివారం మధ్యాహ్నం గనుల్లో పనిచేసేవాళ్లు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చేవాళ్లు. వర్షమొస్తే ఆ వారం జీతాలు ఆలస్యం. అలాంటి క్లబ్బుల సంఘానికి టీవీ కాంట్రాక్టు వచ్చింది. వీళ్ల వాటా చూసి కమిటీవాళ్లు నోళ్లు తెరిచారు. ఆస్ట్రేలియా నుంచి ఇద్దరు ఆటగాళ్లను తెచ్చారు. టీవీ కాంట్రాక్టు రెండేళ్లకు, ఆటగాళ్లతో ఒప్పందం నాలుగేళ్లకు. అకౌంటెంటుగా కింద సంతకం పెట్టింది ఈయన.

“టీవీవాళ్లు ఆటను శుక్రవారం సాయంత్రానికి మార్చమన్నారు. మార్చాం. షిఫ్టులో ఉన్నవాళ్లు రాలేకపోయారు. రాగలిగినవాళ్లు చలికి ఇంట్లోనే కూర్చుని టీవీలో చూశారు. టికెట్లు పడిపోయాయి. ఫర్వాలేదు, టీవీ డబ్బుంది కదా అనుకున్నాం. రెండేళ్లయ్యాక మీ మైదానం ఖాళీగా కనపడుతోంది, చూడ్డానికి బాగాలేదు అన్నారు. డబ్బు సగానికి తగ్గించారు.”

ఖాళీ చేయించిందీ వాళ్లే, ఖాళీగా ఉందన్నదీ వాళ్లే. నాకు నిజంగా ఒళ్లు మండింది.

“అంటే టీవీ మీ క్లబ్బుకు కఫీల్ అన్నమాట” అన్నాను. “జీతమిస్తాడు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటాడు. ఎప్పుడు లేవాలో ఎప్పుడు పడుకోవాలో చెప్తాడు. వద్దనుకున్న రోజు ఖలాస్.”

ఆయన నవ్వాడు. మా ఇంటికొచ్చాక నవ్వడం అదే మొదలు. గట్టిగా నవ్వబోయి, నోరు చేత్తో మూసుకున్నాడు. క్లబ్బు చివరికి మైదానం అమ్ముకుంది. అక్కడిప్పుడు పెద్ద సూపర్ మార్కెట్ ఉందట. ఊళ్లో ఎవరూ ఈయన ముఖం చూడలేదు. అంగట్లో పాలు కొంటుంటే ఒక ముసలాయన పక్కకు తిరిగి నిలబడ్డాడట. ఆ వారమే గల్ఫ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు.

సెప్టెంబరు వచ్చేసరికి మనవాళ్లు బస్సుల్లో వెళ్లిపోవడం మొదలైంది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా రోడ్డు, అక్కణ్ణుంచి విమానం. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీవాళ్లు కాగితం రాసిచ్చారు. మాకూ కాగితం వచ్చింది, బస్సులో రెండుసార్లు చోటూ వచ్చింది. రెండుసార్లూ వెళ్లలేదు. మేం వెళితే ఫ్రిజ్ లాగేదెవరు? మొదటిసారి మావారు “ఎలా వదిలేసి పోతామే?” అంటే సరేనన్నాను. రెండోసారి ఆ మాటే అన్నప్పుడు బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో మా అమ్మాయి పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఇరాకీలు పట్టుకున్నది ఆయన్ను కాదు, మమ్మల్ని అనిపించింది. ఆయన దొరక్కుండా ఉండాలంటే మేం ఇక్కడే ఉండాలి. పిల్ల దగ్గరికి పోవాలంటే ఆయన్ను వదిలేయాలి. దీనికి మూడో దారి లేదు. రోజూ అన్నం వడ్డిస్తూ ఇదే ఆలోచన.

ఇక నేను చేసిన ఘనకార్యం సంగతి.

ఆయన తెచ్చుకున్న సంచీలో రెండు చొక్కాలు, వాళ్ల క్లబ్బు జెర్సీ ఒకటి ఉన్నాయి. ఎరుపు, నలుపు అడ్డచారల లావుపాటి జెర్సీ. చొక్కాలు మావారి చొక్కాలతో కలిపి ఉతికేదాన్ని. జెర్సీ మాత్రం ఇచ్చేవాడు కాదు. మావారి లుంగీ మీద ఆ జెర్సీ వేసుకుని బస్తాల మధ్య కూర్చునేవాడు. ఏడు వారాల చెమట. ఆ గది తలుపు తీస్తే పోపు వాసన కూడా ఓడిపోయేది. ఒక శుక్రవారం పొద్దున నాకు ఓపిక నశించింది. తలంటు పోసుకున్న చేత్తోనే ఆ జెర్సీని లాక్కున్నాను. సర్ఫ్‌లో నానబెట్టి, రెండుసార్లు జాడించి, ఇంట్లో ఆరేస్తే ముక్కిన వాసన వస్తుందని తీసుకెళ్లి బాల్కనీలో తీగ మీద వేశాను. చేతులు బారచాపి, క్లిప్పులు పెట్టి, ముడతలు దులిపి మరీ ఆరేశాను. పెళ్లైన దగ్గర్నుంచీ చేస్తున్న పని. చెయ్యి చేసేసింది, బుర్ర చూడలేదు.

పదింటికి బెల్ మోగింది. మావారు ప్లాంటులో ఉన్నారు. మా బాస్ లోపలికి, నేను ఫ్రిజ్ లాగడానికి. తలుపు తీస్తే ఒక ఆఫీసరు, ఇద్దరు సిపాయిలు. ఆఫీసరు చేతిలో తడిజెర్సీ ఉంది. గాలికి కింద పడిందో, ఎవరైనా ఎక్కి తీశారో ఇప్పటికీ తెలియదు.

“ఇది ఇంగ్లీషువాళ్లు ఆటల్లో వేసుకునేది. ఎవరిది?” అని ఇంగ్లీషులో అడిగాడు.

నోరు దానంతటదే కదిలింది. “ఆఫీసుది. మాది ఆటల టేపుల కంపెనీ. శాంపిల్” అన్నాను.

సిపాయిలు ఇల్లంతా తిరిగారు. మంచం కింద చూశారు, బీరువా తీశారు. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తీసి రెండు మామిడి తాండ్ర ముక్కలు నోట్లో వేసుకున్నారు. ఫ్రిజ్ వెనక్కి మాత్రం చూడలేదు. ఆఫీసరు సోఫాలో కూర్చుని, ఒక టేపు పెట్టమన్నాడు. పెట్టాను. తెర మీద అవే ఎరుపు నలుపు చారల్లో మగవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నా మాట నిజమైనందుకు కాస్త ఊపిరి ఆడింది.

తను బస్రాలో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణని ఆఫీసరు చెప్పాడు. కాసేపు చూసి, “జనం ఏరి? సగం మైదానం ఖాళీ. వీళ్లకు జీతాలు ఎవరిస్తారు?” అన్నాడు.

ఇక మొదలుపెట్టాను. భయంతో మాట్లాడుతున్నానో కోపంతో మాట్లాడుతున్నానో నాకే తెలియదు. టీవీవాళ్లు ఇస్తారన్నాను. జనం ఇళ్లల్లో ఉన్నారన్నాను. ఇంట్లో చూసేవాళ్లకు సబ్బులూ కార్లూ అమ్ముతారని, ఆ అమ్ముకునేవాళ్ల డబ్బులోంచి టీవీ క్లబ్బుకు ఇస్తుందని, ఇచ్చి ఆట గంటను మారుస్తుందని, జనాన్ని పోగొట్టాక డబ్బు ఆపేస్తుందని చెప్పాను. ఫ్రిజ్ వెనక నుంచి దగ్గు వినపడుతుందేమోనని గొంతు పెంచాను. పెంచినకొద్దీ ఇంకా చెప్పాలనిపించింది. రెండేళ్లు, నాలుగేళ్లు, ఆస్ట్రేలియా ఆటగాళ్లు, సూపర్ మార్కెట్, అన్నీ చెప్పేశాను. ఆ మనిషి చాలా శ్రద్ధగా విన్నాడు.

“మా క్లబ్బుకు డబ్బిచ్చేది ఒక పెద్దమనిషి. ఆట టైమూ ఆయనదే” అన్నాడు.

లేచి, సిపాయిలకు అరబ్బీలో ఏదో చెప్పాడు. వాళ్లు టీవీ, వీసీఆర్, టేపులు, జెర్సీ అన్నీ పట్టుకెళ్లి జీపులో పెట్టారు. ఆఫీసరు వెళుతూ వెళుతూ వంటింట్లోకి తొంగిచూసి, ఫ్రిజ్ తలుపు మీద రెండుసార్లు తట్టాడు.

“మంచి ఫ్రిజ్. జీపులో పట్టదు. రేపు మధ్యాహ్నం లారీ తెస్తాం.”

జీపు చప్పుడు దూరమయ్యేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. తర్వాత ఫ్రిజ్ లాగాను. మా బాస్ చెమటతో తడిసిపోయి బయటికొచ్చాడు. గోడ పట్టుకుని నిలబడి అన్న మొదటి మాట ఇది:

“డబ్బు ఆపేశారని మీరు చెప్పారు. తప్పు. ఆపలేదు, తగ్గించారు. మేం రాబోయే డబ్బును ముందే ఖర్చు పెట్టేశాం. తేడా ఉంది.”

నవ్వాలో కొట్టాలో తెలియక నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన ఒక గ్లాసు నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

మధ్యాహ్నానికి మావారు వచ్చారు, వెనకాలే డ్రైవరు వచ్చాడు. అతను తెచ్చిన కబురు ఒకటే: మర్నాడు పొద్దున అబ్బాసియా నుంచి బస్సు, అందులో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ తర్వాత బస్సు ఎప్పుడో ఎవరికీ తెలియదు. జరిగింది వినగానే డ్రైవరు తల పట్టుకున్నాడు.

“సారును సులైబియాకు పిల్సకపోతా. ఆడ మావోడు పనిసేసే తోట ఉండాది, కోళ్లషెడ్డులో పెడతాం. వ్యాన్‌లో రొట్టెల బుట్టల కింద పడుకోబెడితే సరిపాయె.”

“మూడు చెకింగులు దాటాలి కదయ్యా” అన్నారు మావారు.

“దాటల్ల సార్. ఏం జేస్తాం మరి? ఈడ ఇడిసిపెట్టి పోతామా మనిషిని?”

మేం ఏం మాట్లాడుకుంటున్నామో మా బాస్ మావారిని అడిగి తెలుసుకున్నాడు. డ్రైవరుకు పిల్లలెంతమంది అని అడిగాడు. నలుగురు.

“ఒకసారి నేను సంతకం పెడితే ఊరంతా నష్టపోయింది. ఇంకోసారి వద్దు” అన్నాడు. “నేనే హోటల్‌కు వెళ్లి లొంగిపోతాను. ఇన్నాళ్లూ ఎక్కడున్నావంటే ఖాళీ ఫ్లాట్లలో అని చెప్తాను.”

మావారు వద్దన్నారు. గట్టిగానే అన్నారు. ఎదురింటి నర్సును అడుగుదాం, ఈ బస్సు కూడా మానుకుందాం, ఏదో ఒకటి చేద్దాం అన్నారు. డ్రైవరు మా బాస్ చేతులు రెండూ పట్టుకుని, తనకు వచ్చిన అరబ్బీ, ఉర్దూ, ఇంగ్లీషు అన్నీ కలిపి బతిమాలాడు. ఆయన వింటూ నా వైపు చూశాడు.

సాయంత్రం అసర్ నమాజు పిలుపు అయ్యాక లేచాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సంచీ సర్దుకుని తలుపు దగ్గరికి వెళ్లి, గడియ మీద చెయ్యి పెట్టి ఆగాడు. మావారినీ కాదు, డ్రైవరునీ కాదు, నన్నే చూస్తున్నాడు. ఆ ఇంట్లో ఫ్రిజ్ లాగింది నేను. ఉండమని నేనొక్క మాట అంటే ఉండేవాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. భయంతో ఆయన పెదవులు తెల్లబడి ఉన్నాయి.

“మీ బస్సు ఎన్నింటికి?” అని అడిగాడు.

“ఎనిమిదింటికి” అన్నాను.

తల ఊపాడు, మెట్ల మీద ఎదురైనప్పుడు ఊపినట్టే. తలుపు తీసుకుని దిగిపోయాడు. మావారు గోడకు తల ఆనించి నిలబడ్డారు. నాకు ఆ క్షణంలో దుఃఖం రాలేదు. పిల్లకు తీసుకెళ్లాల్సిన గౌన్లు ఏ సూట్‌కేసులో ఉన్నాయా అని వెతుక్కోవడం మొదలుపెట్టాను.

తెల్లవాళ్లందర్నీ ఆ చలికాలంలో వదిలేశారు. మరుసటి ఏడాది విజయవాడకు ఉత్తరం వచ్చింది. డ్యాము పక్క గదిలో రెండు నెలలు పెట్టారట, బరువు తగ్గాడట, ప్రాణంతో ఊరు చేరాడట. తనను ఏడు వారాలు దాచినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. మా అమ్మాయి ఎలా ఉందని అడిగాడు. తను చూసిన మనుషుల్లో నా అంత ధైర్యవంతురాలు లేదని, కామా కూడా సరైన చోట పెట్టి, రాశాడు.

జవాబు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఆ ఒక్క మాట నిజం కాదని రాయకుండా ఇంకేం రాసినా అబద్ధమే అవుతుంది. రాయడానికి మాత్రం ఇంతవరకు ధైర్యం చాల్లేదు.